లెవన్‌కి మారాలా.. టెన్‌తోనే నెట్టుకురావాలా?

విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముందు చూస్తే ప్లేస్‌మెంట్లు, చేతిలో చూస్తే పాత ల్యాప్‌టాప్‌. ఉద్యోగ వేటలో ఉన్న విద్యార్థి ఇప్పుడేం చేయాలి?

‘‘లెవన్‌ వేశావా?’’ అని ఒకరు. ‘‘వేస్తే స్లో అయిపోద్దంట’’ అని ఇంకొకరు. ‘‘టెన్‌ ఆగిపోయింది కదా, ఇక అన్నీ వైరస్‌లే’’ అని మరొకరు. నరసరావుపేట ఇంజినీరింగ్‌ కాలేజీ హాస్టలైనా, మాచర్లలో డిగ్రీ చదివేవారి అద్దె గదైనా, గురజాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే స్నేహితుల బృందమైనా ఈమధ్య ల్యాప్‌టాప్‌ మాట రాగానే ఈ మూడు వాక్యాలూ వినిపిస్తున్నాయి. మూడింటిలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియక కొందరు ఉన్నపళంగా మార్చేస్తున్నారు, కొందరు దాని జోలికే పోవట్లేదు.

చివరి సంవత్సరం విద్యార్థికి ల్యాప్‌టాప్‌ అంటే ఏంటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌ టెస్టు రాసేది దాని మీదే. ప్రాజెక్టు రిపోర్టు ఉన్నది దాంట్లోనే. ఇంటర్వ్యూ చేసేవారు మిమ్మల్ని చూసేదీ దాని కెమెరాలోంచే. కాబట్టి కొత్త వింత, పాత రోత అనుకుని నిర్ణయం తీసుకునే విషయం కాదిది. సూటిగా చెప్పాలంటే- మీ మెషీన్‌కి అర్హత ఉంటే విండోస్‌ 11కి మారండి, కానీ టెస్టుల తేదీలు చూసుకుని మారండి. అర్హత లేకపోతే బలవంతంగా ఎక్కించకండి, భయపడి అప్పు చేసి కొత్తదీ కొనకండి. ఈ రెంటికీ కారణాలున్నాయి.

మద్దతు ఆగితే ఏమవుతుంది?

ముందు భయం సంగతి చూద్దాం. మద్దతు ముగిసింది కదా అని విండోస్‌ 10 ఏదో ఒక ఉదయం ఆన్‌ కాకుండా పోదు. మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆగేది భద్రతా అప్‌డేట్లు. అంటే సిస్టమ్‌లో దొంగ దూరేంత కంత ఒకటి బయటపడితే, ఇదివరకు మైక్రోసాఫ్ట్‌ దాన్ని పూడ్చేది. ఇకపై మామూలుగా వాడేవారికి ఆ పూడ్చే పని జరగదు.

కంత పూడ్చకపోతే ఏమవుతుందో మనవాళ్లకు అనుభవమే. 2017 మే 12న వాన్నక్రై అనే ర్యాన్సమ్‌వేర్‌ ప్రపంచం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తామనే రకం అది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ జిల్లాల్లో గుంటూరు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా మన నరసరావుపేట, మాచర్ల, గురజాల అన్నీ ఆ గుంటూరు జిల్లాలోనివే. అసలు విషయం ఏంటంటే, ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్‌ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చింది. వాన్నక్రై రావడానికి దాదాపు రెండు నెలల ముందన్నమాట. అది వేసుకున్న కంప్యూటర్లకు ఏమీ కాలేదు. అప్పటికి మూడేళ్ల కిందటే మద్దతు ఆగిపోయిన విండోస్‌ ఎక్స్‌పీకి దాడి మొదలయ్యాక, ఈ ఒక్కసారికి అన్నట్టు ప్రత్యేకంగా అప్‌డేట్‌ ఇవ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తారని ఎదురుచూడలేం.

అలాగని రేపే కొంప మునుగుతుందనీ కాదు. విండోస్‌ 7 సంగతి గుర్తు చేసుకోండి. దానికి 2020 జనవరి 14న మద్దతు ఆగింది. క్రోమ్‌ బ్రౌజర్‌ మాత్రం ఆ తర్వాత మూడేళ్లు దాని మీద అప్‌డేట్‌ అవుతూనే ఉంది. 2023 ఆరంభంలో వచ్చిన 109వ వెర్షన్‌తో సరిపెట్టింది. విద్యార్థికి పాత ఓఎస్‌ నిజంగా పనికిరాకుండా పోయేది అలాంటి రోజునే- టెస్టు లింకు నొక్కితే ‘మీ బ్రౌజర్‌ పాతది, అప్‌డేట్‌ చేసుకోండి’ అని వస్తుంది, చేద్దామంటే అవ్వదు. విండోస్‌ 10కి ఆ రోజు ఇంకా రాలేదు. దాంట్లోనే ఉండే డిఫెండర్‌ యాంటీవైరస్‌కి కూడా 2028 అక్టోబరు దాకా కొత్త వైరస్‌ల వివరాలు అందుతాయని మైక్రోసాఫ్టే చెప్పింది. అయితే డిఫెండర్‌ ఉంది కదా అని ఓఎస్‌లో కంతలు వదిలేయడమంటే, కాపలా కుక్క ఉందని తలుపు తీసి పడుకోవడమే.

మీ మెషీన్‌కి అర్హత ఉందా?

విండోస్‌ 10, 11 రెండూ మన తెలుగాయన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాక వచ్చినవే. 2015 జులై 29న వచ్చిన టెన్‌ ఎంత పాత కంప్యూటర్‌నైనా ‘రా తమ్ముడూ’ అని కలుపుకొంది. 2021 అక్టోబరు 5న వచ్చిన లెవన్‌ మాత్రం గుమ్మం దగ్గరే ఆపి గుర్తింపు కార్డు అడుగుతోంది. 4 జీబీ ర్యామ్‌, 64 జీబీ స్టోరేజీ లాంటివి పెద్ద అడ్డంకులు కావు. చాలామంది ఆగిపోతున్నది రెండు చోట్ల. ఒకటి ప్రాసెసర్‌ తరం, రెండోది టీపీఎం 2.0.

ప్రాసెసర్‌ సంగతి తెలుసుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, అందులో అబౌట్‌ తెరవండి. ఇంటెల్‌ అయితే ఐ3, ఐ5, ఐ7 పక్కన గీత తర్వాత అంకెలుంటాయి. 6300 అని ఉంటే ఆరో తరం. 7200 అంటే ఏడు. 8250 అంటే ఎనిమిది. 10210 అని అయిదంకెలుంటే మొదటి రెండూ కలిపి పదో తరం. 1135 తర్వాత జీ7 అని ఉంటే పదకొండో తరం. ఎనిమిది నుంచి పైకి ఉంటే మీకు దారి ఉన్నట్టే. ఏఎండీ అయితే రైజెన్‌ 2000 శ్రేణి నుంచి చాలావరకు ఒప్పుకుంటుంది. ‘నాది ఐ7, నీది ఐ3’ అని గొప్పలు పోయేవారికి ఇక్కడ చిన్న చిక్కుంది. ఆరో తరం ఐ7కి అర్హత లేదు, ఎనిమిదో తరం ఐ3కి ఉంది.

టీపీఎం అంటే తాళంచెవులు దాచుకునే చిన్న భద్రతా చిప్‌. ఎనిమిదో తరం, ఆపైన ఉన్న ల్యాప్‌టాప్‌లలో దాదాపుగా ఉంటుంది. కొన్నింట్లో ఉండీ ఆఫ్‌లో ఉంటుంది. ‘నీ పీసీ పనికిరాదు’ అని మెసేజ్‌ రాగానే నిరాశపడి వదిలేసేవాళ్లలో ఈ కోవవాళ్లూ ఉంటారు. బయాస్‌ సెటప్‌లోకి వెళ్లి చూస్తే ఇంటెల్‌లో పీటీటీ అనీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. అది ఆన్‌ చేస్తే సరిపోతుంది. బయాస్‌ అలవాటు లేకపోతే మీ సీఎస్‌ఈ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని అడగండి, అయిదు నిమిషాల పని. ఇవన్నీ విడివిడిగా చూసుకునే ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్‌ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్‌ చెక్‌ యాప్‌ ఉంది. అర్హత ఉందో లేదో, లేకపోతే ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది.

కాగితం మీద అర్హత వేరు, హాయిగా నడవడం వేరు. 4 జీబీ ర్యామ్‌తో లెవన్‌ ఎక్కుతుంది. కానీ క్రోమ్‌లో పది ట్యాబులు, వీఎస్‌ కోడ్‌, టీమ్స్‌లో మాక్‌ ఇంటర్వ్యూ ఒకేసారి తెరిస్తే మీ సహనానికే పరీక్ష. 8 జీబీ ఉంటే మేలు. ఇంకా పాత హార్డ్‌డిస్క్‌ మీదే నడుస్తుంటే, ఓఎస్‌ కంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. ‘లెవన్‌ వేస్తే స్లో అయింది’ అనేవారిని కాస్త గుచ్చి అడగండి, లోపల హార్డ్‌డిస్కే తిరుగుతూ ఉండొచ్చు.

‘అన్నా, ఎలాగోలా ఎక్కించు’

అర్హత లేని మెషీన్‌లో కూడా లెవన్‌ వేసిచ్చే షాపులున్నాయి. తనిఖీని తప్పించి ఎక్కించే పద్ధతులు నెట్‌లో దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా. అలా ఎక్కించిన కంప్యూటర్‌కి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్‌ ముందే చెప్పేసింది. అప్‌డేట్ల కోసమే కదా మారుతున్నది! అవే అందకపోతే ఈ తిప్పలన్నీ ఎందుకు? ఇంట్లో సినిమాలు చూసే కంప్యూటర్‌ మీద ప్రయోగం చేసుకోండి, తప్పులేదు, నాలుగు విషయాలు నేర్చుకుంటారు. టెస్టు రాయాల్సిన ల్యాప్‌టాప్‌ మీద మాత్రం వద్దు.

దీనికి తోబుట్టువు లాంటిది క్రాక్‌ యాక్టివేషన్‌. ‘ఫార్మాట్‌ కొట్టి, యాక్టివేట్‌ చేసిస్తాం’ అంటారు. ఆ యాక్టివేటర్‌ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ని ఆపమంటుంది. అక్కడే అర్థం కావాలి. పైగా చాలామందికి దాని అవసరమే లేదు. కంపెనీ నుంచి విండోస్‌ 10తో వచ్చిన బ్రాండెడ్‌ ల్యాప్‌టాప్‌ అయితే లైసెన్సు మదర్‌బోర్డులోనే ఉంటుంది, అర్హత ఉన్న మెషీన్‌కి లెవన్‌ అప్‌గ్రేడ్‌ ఉచితం. డబ్బులిచ్చి దొంగతనం చేయించుకోవడం ఎందుకు?

ఎప్పుడు మారాలి?

అర్హత ఉందని తేలింది. ఇవాళ రాత్రే నొక్కేద్దామా? ఒక్క నిమిషం ఆగండి.

కొత్త ఓఎస్‌ అయినా, పెద్ద అప్‌డేట్‌ అయినా మొదటి రోజుల్లో దెబ్బలు తగలడం కొత్తేమీ కాదు. 2018 అక్టోబరు 2న విండోస్‌ 10కే ఒక పెద్ద అప్‌డేట్‌ వచ్చింది. వేసుకున్న కొందరికి డాక్యుమెంట్స్‌ ఫోల్డర్‌లోని ఫైళ్లు మాయమయ్యాయి. మైక్రోసాఫ్ట్‌ నాలుగైదు రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి మళ్లీ నవంబరు 13న విడుదల చేసింది. దెబ్బతిన్నవారి శాతం చాలా తక్కువే. ఆ తక్కువలో ఒకరు మీరై, పోయిన ఫోల్డర్‌లో మీ ప్రాజెక్టు రిపోర్టు ఉంటే శాతాలు ఓదార్చవు.

మన భాషతోనే ముడిపడిన ఉదంతం ఇంకోటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం చూసి కుప్పకూలాయి. జ్ఞానంలో ఉండే ‘జ్ఞా’ ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే చాలు, ఐఓఎస్‌ 11.2.5లో ఆ యాప్‌ మూతపడేది. ప్రపంచమంతా మన అక్షరాన్ని చూసి హడలిపోయింది. ఆపిల్‌ అదే నెల 19న 11.2.6 ఇచ్చి సరిచేసింది. కోట్ల మంది వాడే సాఫ్ట్‌వేర్‌లో, అంత పెద్ద కంపెనీ పరీక్షించినా మన గుణింతం దగ్గర తప్పు మిగిలిపోయింది. కొత్త వెర్షన్‌ వచ్చిన రోజునే వేసుకునేవారు ఆ తప్పుల్ని కనిపెట్టే పనికి జీతం లేకుండా చేరినట్టే. కొన్ని వారాలు ఆగినవారికి ఆ దిద్దుబాట్లు కూడా కలిసొస్తాయి.

లెవన్‌ వచ్చి నాలుగేళ్లు దాటింది కాబట్టి ఆ మొదటి రోజుల భయం ఇప్పుడు తక్కువే. మిగిలింది మీ క్యాలెండర్‌. ఏదైనా ఆన్‌లైన్‌ టెస్టుగానీ, ఇంటర్వ్యూగానీ, ప్రాజెక్టు రివ్యూగానీ రెండు వారాల్లో ఉంటే ఓఎస్‌ జోలికి పోకండి. రెండు వారాలే ఎందుకంటే, నచ్చకపోతే పాత విండోస్‌కి తిరిగి వెళ్లడానికి మైక్రోసాఫ్ట్‌ ఇచ్చే గడువు 10 రోజులు. ఆ పది రోజులూ అన్నీ వాడి చూసి, అవసరమైతే వెనక్కి వచ్చి, కుదుటపడే వ్యవధి ఉండాలి. ఇదేమీ బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం కాదు, ఓడితే మాచర్ల వదిలి ఏడేళ్లు వనవాసం పోవాల్సిన పనిలేదు. కానీ పదకొండో రోజు దాటితే మాత్రం వెనక్కి రావడమంటే మొత్తం తుడిచి మళ్లీ వేయడమే. సెమిస్టర్‌ పరీక్షలు అయిపోయి ఇంటికెళ్లిన వారం దీనికి మంచి అదను.

టెన్‌ అయినా లెవన్‌ అయినా ఇంకో చిన్న మాట. టెస్టుల సీజన్‌ మొదలయ్యే ముందు విండోస్‌ అప్‌డేట్‌ పేజీలో పాజ్‌ నొక్కండి. అయిదు వారాల వరకు ఆపుకోవచ్చు. టెస్టుకి పది నిమిషాల ముందు ‘అప్‌డేట్‌ అవుతోంది, 30 శాతం’ అని నీలి తెర కనిపిస్తే ఆ గుండెదడ పగవాడికి కూడా వద్దు. సీజన్‌ అయ్యాక మళ్లీ తీసేయడం మర్చిపోకండి.

నొక్కే ముందు

ఫైళ్లు రెండు చోట్ల దాచండి. డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో లేదా స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ. ప్రాజెక్టు, రెజ్యూమె, మార్కుల జాబితాల స్కాన్లు ముందు. సినిమాలు తర్వాత. అప్‌గ్రేడ్‌లో ఫైళ్లు మామూలుగా అలాగే ఉంటాయి. అయినా సరే.

డేటా సంగతి. లెవన్‌ ఫైలు 5 జీబీ పైమాటే. రోజుకి జీబీన్నర, రెండు జీబీల ప్యాక్‌తో ఫోన్‌ హాట్‌స్పాట్‌ మీద మొదలుపెడితే మధ్యాహ్నానికే నెట్‌ అయిపోయి, డౌన్‌లోడ్‌ సగంలో వేలాడుతుంది. కాలేజీ వైఫైలోనో, ఇంటర్నెట్‌ కనెక్షన్‌ ఉన్న బంధువుల ఇంట్లోనో చేసుకోండి. కరెంటు కూడా చూసుకోండి. పాత ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు పేరుకే ఉంటాయి, ఛార్జర్‌ తీస్తే పది నిమిషాలు. ఇన్‌స్టాల్‌ మధ్యలో కరెంటు పోతే మొత్తం పాడవుతుందని కాదుగానీ, పాడయ్యే అవకాశం ఉన్న సమయం అదే. ఇన్వర్టర్‌ ఉన్నచోట కూర్చోండి.

మీ కోర్సులో వాడే సాఫ్ట్‌వేర్లు లెవన్‌లో నడుస్తాయో లేదో ముందే కనుక్కోండి. మన కాలేజీల్లో చాలామంది సీ భాష అక్షరాభ్యాసం ఇప్పటికీ టర్బో సీ నీలి తెర మీదే కదా! అది 16 బిట్ల కాలం నాటిది. లెవన్‌ 64 బిట్లలోనే వస్తుంది, 16 బిట్ల ప్రోగ్రాంలను నేరుగా నడపదు. డాస్‌బాక్స్‌ అనే ఎమ్యులేటర్‌ పెట్టుకుంటే నడుస్తుంది. (ల్యాబ్‌ పరీక్షకి టర్బో సీ, ఇంటర్వ్యూకి కొత్త కంపైలర్‌- రెండూ చేతిలో ఉంచుకోండి.) ఖాళీ వేళల్లో డీటీపీ పని చేసుకునేవారైతే మరీ జాగ్రత్త. పాత పేజ్‌మేకర్‌, అను ఫాంట్ల మీద ఏళ్ల తరబడి చేసిన తెలుగు ఫైళ్లున్న సెంటర్లు పాత విండోస్‌ కంప్యూటర్‌ని ఒకదాన్ని పక్కన అలాగే ఉంచుకోవడానికి కారణం బద్ధకం కాదు. ఆ కూర్పు కొత్త ఓఎస్‌లో తేడా చేస్తే, అచ్చుకి వెళ్లాల్సిన శుభలేఖ ఆగిపోతుంది. యూనికోడ్‌లో తెలుగు టైప్‌ చేసేవారికి ఈ బెంగ లేదు. ఫొనెటిక్‌ కీబోర్డు టెన్‌లోనూ లెవన్‌లోనూ ఉంది.

ఇప్పుడు నిజంగా జాగ్రత్తగా చదవాల్సిన విషయం. లెవన్‌ 24హెచ్‌2 వెర్షన్‌ నుంచి, ల్యాప్‌టాప్‌ని మొత్తం తుడిచి కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో సైన్‌ ఇన్‌ అయితే, డిస్క్‌ దానంతటదే బిట్‌లాకర్‌ తరహా తాళంలోకి వెళ్తుంది. ల్యాప్‌టాప్‌ పోయినా ఎవరూ ఫైళ్లు చదవలేరు, మంచిదే. కానీ బయాస్‌లో ఏదైనా మారినప్పుడో, మదర్‌బోర్డు రిపేరుకి వెళ్లినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఏ అకౌంట్‌తో సైన్‌ ఇన్‌ అయ్యారో ఆ అకౌంట్‌లో ఉంటుంది. షాపతను తొందరలో తన మెయిల్‌తోనో, మీకు గుర్తులేని ఏదో మెయిల్‌తోనో సెటప్‌ పూర్తిచేసి ఇచ్చాడనుకోండి. ఆర్నెల్లకి నీలి తెర మీద 48 అంకెలు అడిగితే మీ దగ్గర ఒక్కటీ ఉండదు. కీ లేకపోతే మైక్రోసాఫ్ట్‌ కూడా తెరవలేదు. మీ చదువంతా అందులోనే ఉన్నా సరే. కాబట్టి షాపులో వేయించుకున్నా, చివర సైన్‌ ఇన్‌ దగ్గర మీరే కూర్చుని మీ మెయిల్‌తో చేయండి. ఆ కీని డైరీలో రాసుకోండి. ల్యాప్‌టాప్‌లో సేవ్‌ చేసుకుంటే తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు.

మారిన మర్నాడు కెమెరా, మైకు, వైఫై, ప్రింటర్‌ అన్నీ ఒకసారి చూసుకోండి. మీరు రాయబోయే టెస్టు సంస్థలు సాధారణంగా సిస్టమ్‌ చెక్‌ లింకో, డెమో టెస్టో ఇస్తాయి. దాన్ని ఆ పది రోజుల లోపే పూర్తిగా రాయండి. తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి అప్పటికింకా తెరిచే ఉంటుంది.

అర్హత లేనివారి దారి

ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌ ఉన్నవారూ, మీది చెత్తబుట్ట కేసేం కాదు. విండోస్‌ 10 వాడేవారికి మైక్రోసాఫ్ట్‌ ఒక ఏడాది అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. పేరు ఈఎస్‌యూ. 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. మీ టెన్‌ 22హెచ్‌2 వెర్షన్‌లో ఉండాలి. ఉంటే విండోస్‌ అప్‌డేట్‌ పేజీలోనే నమోదు లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్‌ అకౌంట్‌తో సైన్‌ ఇన్‌ అయ్యి, మీ సెట్టింగ్స్‌ని వాళ్ల క్లౌడ్‌లో బ్యాకప్‌ చేసుకుంటే ఉచితం. లేదంటే 1000 రివార్డు పాయింట్లు వాడొచ్చు, అదీ కాదంటే 30 డాలర్లు కట్టాలి. విద్యార్థికి మొదటి దారే సరి. కొత్త హంగులేమీ రావు, కంతలు పూడ్చే అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. మీకు కావాల్సింది కూడా అదే. ఈ ఏడాది ప్లేస్‌మెంట్లు రాసేవారికి ఇది చాలావరకు సరిపోతుంది. మొదటి జీతం వచ్చాక కొత్తది కొనుక్కోండి.

ఎంఎస్‌ ఆఫీస్‌ 2016, 2019 వాడుతున్నవారికి ఒక గమనిక. వాటికి కూడా అదే 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసింది. తెలియనివారు పంపిన వర్డ్‌ ఫైళ్లు, ముఖ్యంగా ‘ఆఫర్‌ లెటర్‌’ పేరుతో వచ్చేవి, తెరిచే ముందు రెండుసార్లు ఆలోచించండి.

లినక్స్‌ వేసుకోవచ్చా? నన్నడిగితే వేసుకోండి, కానీ విండోస్‌ని తీసేయకండి. ఉబుంటు 24.04కి, లినక్స్‌ మింట్‌ 22కి 2029 దాకా మద్దతుంది. పాత మెషీన్‌ మీద మింట్‌ చక్కగా నడుస్తుంది. ఇన్‌స్టాల్‌ చేయకుండానే పెన్‌డ్రైవ్‌ నుంచి నడిపి చూడొచ్చు. పైథాన్‌, జావా, వీఎస్‌ కోడ్‌, క్రోమ్‌ అన్నీ ఉంటాయి. సర్వర్‌ ప్రపంచంలో ఎక్కువగా నడిచేది లినక్సే కాబట్టి ఆ అలవాటు రెజ్యూమెకి బలం కూడా. చిక్కంతా టెస్టుల దగ్గర. నిఘాతో రాయించే టెస్టుల సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోస్‌, మ్యాక్‌లకే ఉంటాయి. ఉదాహరణకి ఎన్నో విద్యాసంస్థలు వాడే సేఫ్‌ ఎగ్జామ్‌ బ్రౌజర్‌కి లినక్స్‌ వెర్షనే లేదు. లినక్స్‌లో వర్చువల్‌ మెషీన్‌ పెట్టి అందులో విండోస్‌ నడుపుదామంటే, కాపీ కొట్టే ప్రయత్నమనుకుని బయటికి పంపేస్తుంది. అందుకే రెండూ పక్కపక్కన ఉంచే డ్యుయల్‌ బూట్‌ మేలు. అది కూడా సెలవుల్లో, బ్యాకప్‌ తీసుకున్నాకే.

దీంట్లో ఉద్యోగం కూడా ఉంది

ఇప్పటిదాకా చదివింది మీ ఒక్క ల్యాప్‌టాప్‌ గొడవ. వందలు, వేల కంప్యూటర్లున్న ఆఫీసుకి, బ్యాంకుకి, ఆసుపత్రికి ఇదే ప్రశ్న వస్తే? ఏవి మారతాయి, ఏవి మారవు, ఏ సాఫ్ట్‌వేర్‌ ఎక్కడ ఆగుతుంది, పని ఆగకుండా ఎప్పుడు మార్చాలి- ఇవి చూసే మనుషులు కావాలి. డెస్క్‌టాప్‌ సపోర్టు, సిస్టమ్‌ అడ్మినిస్ట్రేటర్‌ ఉద్యోగాలు అవే. కోడింగ్‌ అంతగా అబ్బని బీఎస్సీ, బీకాం విద్యార్థులు ఐటీలోకి అడుగుపెట్టే దారుల్లో ఇదొకటి. ఈ రంగంలో మైక్రోసాఫ్ట్‌కి ఎండీ-102 అనే సర్టిఫికేషన్‌ ఉంది. ముందే డబ్బు కట్టనక్కర్లేదు, దానికి కావాల్సిన పాఠాలు మైక్రోసాఫ్ట్‌ లెర్న్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

రెజ్యూమెలో ‘విండోస్‌, ఎంఎస్‌ ఆఫీస్‌ తెలుసు’ అని అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. దాని బదులు, మీ డిపార్ట్‌మెంట్‌ ల్యాబ్‌లో కంప్యూటర్లకి అర్హత తనిఖీ చేస్తామని మీ హెచ్‌ఓడీని అడిగి చూడండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక ఎక్సెల్‌ షీట్‌లో మెషీన్‌ నంబరు, ప్రాసెసర్‌, ర్యామ్‌, టీపీఎం ఉందా లేదా, ఏం చేయాలి అని రాసిపెడితే కాలేజీకీ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ‘అప్‌గ్రేడ్‌కీ క్లీన్‌ ఇన్‌స్టాల్‌కీ తేడా ఏంటి? టీపీఎం దేనికి?’ అని అడిగితే, చదివింది అప్పజెప్పేవారికీ, ల్యాబ్‌లో చేసొచ్చినవారికీ తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

సెకండ్‌ హ్యాండ్‌ కొనబోతున్నారా?

మిర్చి డబ్బులు వచ్చాయనో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌ పడిందనో ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఒప్పుకున్నారనుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. కంపెనీలు లెవన్‌కి మారేటప్పుడు అర్హత లేని మెషీన్లను వదిలించుకుంటాయి. అవే శుభ్రంగా తుడిచి, కొత్త స్టిక్కర్‌ వేసుకుని సెకండ్‌ హ్యాండ్‌ షాపులకి వస్తాయి. బాడీ గట్టిగా ఉంటుంది, ధర ఊరిస్తుంది, ఆన్‌ చేస్తే లెవన్‌ కనిపిస్తుంది. ‘లెవన్‌ వేసే ఇస్తున్నాం తమ్ముడూ’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. అది అర్హతతో వచ్చిందా, తనిఖీ తప్పించి ఎక్కించిందా అన్నది చూడాలి. గీత తర్వాత అంకెలు చూడండి. అక్కడే పీసీ హెల్త్‌ చెక్‌ వేసి చూపించమనండి. అకౌంట్స్‌ పేజీ తెరిచి ఎవరి మెయిల్‌ ఉందో, పాత కంపెనీ పేరేమైనా కనిపిస్తోందో చూడండి. ఉంటే మీ ముందే తీయించండి. యాక్టివేషన్‌ పేజీలో లైసెన్సు డిజిటల్‌ లైసెన్సా కాదా చూడండి. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంట ఇవ్వనన్న షాపులో డబ్బులు తీయకండి, పక్క షాపుకి నడవండి.